బయూమీ పెట్టిన సంతకం

అలెగ్జాండ్రియాలో ముప్ఫై ఏళ్లు ట్రామ్ నడిపిన బయూమీకి తన జబ్బు పేరు తెలియదు. తెలియనివ్వలేదు. ఊపిరితిత్తుల్లో పుట్టిన క్యాన్సర్ కాలేయానికి పాకిందని రంజాన్ నెలలోనే తేలింది. భార్య ఇన్షిరా ఆ కాగితాలు బియ్యం డబ్బా అడుగున దాచి, "మొండి నెమ్ము పట్టింది, అంతే" అంది. అతను నమ్మాడు. ఆసుపత్రిలో మందు ఎక్కించుకుని తిన్నగా కాఫీ దుకాణానికొచ్చి పాత స్నేహితుణ్ణయిన నాతో పాచికలాడేవాడు. ఓడితే, "జబ్బు మనిషి దగ్గర కూడా దొంగాటేనా, సిగ్గులేనోడా!" అని తిట్టేవాడు.

ఎండాకాలానికి ఆ మందు పనిచేయడం మానేసింది. కొత్త మందు మీద పరీక్ష జరుగుతోందని, అందులో చేరే వీలుందేమో చూద్దామని డాక్టర్ లమ్యా ఇన్షిరాకు చెప్పింది.

"ఒప్పుకోలు కాగితం మీద సంతకం నేను పెడతా," అంది ఇన్షిరా.

"కుదరదమ్మా. ఆయనే అంతా విని, ఆయనే పెట్టాలి."

"జబ్బు పేరు ఎత్తకుండా చెప్పండి."

"మొదటి పేజీలోనే ఉందమ్మా ఆ పేరు."

ఇంటికొచ్చాక, నాన్నకు చెప్పేద్దామన్న కూతురు నద్రాను ఇన్షిరా వంటింట్లో నిలబెట్టింది. "మీ నాన్నను చంపాలనుంటే చెప్పు. పో, ఇప్పుడే చెప్పు."

"చెప్పకపోతే బతుకుతాడా అమ్మా?"

వారం రోజులు నలిగిపోయింది నద్రా. చివరికి తల్లి చేపలకు వెళ్లినప్పుడు తండ్రి పక్కన కూర్చుని చెప్పేసింది.

బయూమీ ఆమె వైపు తిరిగాడు. "మీ అమ్మకు ఎప్పట్నుంచి తెలుసు?"

"రంజాన్ నుంచి, బాబా."

"అయితే పండగకు నాకు కొత్త చొక్కా కొన్నప్పుడూ తెలుసన్నమాట."

మర్నాడు డాక్టర్ ముందు కూర్చున్నాడు. "ఇది నన్ను బాగుచేస్తుందా, డాక్టరమ్మా?"

"తెలియదు. తెలుసుకోవడానికే ఈ పరీక్ష. మీకు కొత్త మందు వస్తుందో, మామూలు మందు వస్తుందో కూడా నా చేతిలో లేదు, కంప్యూటర్ చీటీ తీస్తుంది. వద్దనుకుంటే ఎప్పుడైనా మానేయొచ్చు."

రెండు రోజులు ఆలోచించాడు. "నన్ను ప్రయోగాల ఎలుకను చేస్తారట," అన్నాడు నాతో, పాచికలు ముట్టకుండానే. "పోనీ మానేద్దామంటే, ఆ పిల్ల నాకు నిజం చెప్పింది ఇందుకే కదా. ఉత్తినే పోనిస్తానా?"

సంతకం పెట్టాడు. ఆ తర్వాత తీసిన స్కానింగులో మెదడులో మచ్చ కనిపించింది. మెదడుకు పాకినవాళ్లను ఆ పరీక్షలోకి తీసుకోరు. లమ్యా తనే బయటికొచ్చి ఆ మాట చెప్పి, మెదడుకు రేడియేషన్ ఇస్తామంది, దగ్గరుండి చూసుకుంటామంది. అతను అవేవీ విన్నట్టు లేదు.

"మరి నాకెందుకు చెప్పావే?" అన్నాడు కూతురితో, అందరి ముందే.



తర్వాత అతను కాఫీ దుకాణానికి రాలేదు. ఇన్షిరా కంచం పెడితే, "ఇందులో ఏం దాచావు?" అని పక్కకు నెట్టేవాడు. నద్రా మందు ఇస్తే గోడవైపు తిరిగేవాడు. చూడడానికి వెళితే నాతోనూ, "నీకూ తెలుసు కదూ?" అన్నాడు. తెలుసు. తలదించుకున్నాను.

ఆ స్కానింగు తర్వాత ఏడో వారంలో పోయాడు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ల మధ్య ఇన్షిరా కూతురిని వేలెత్తి చూపింది. "ఇదిగో, జబ్బు కాదు, ఇది చంపింది నా మొగుణ్ణి."

అక్కడున్న వాళ్లలో ఒక్కరూ కాదనలేదు. నద్రా కాఫీ పళ్లెం కిందపెట్టి, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. ఆమె ఫోన్ చేస్తే తల్లి ఇప్పటికీ ఎత్తదు.