పూరేళ్ళకు పోసిన గులాబీ జొన్నలు

నిన్న పొద్దున మా బాల్కనీలో ఒక్క పిట్ట కూడా అరవలేదు. అప్పుడే నాకు భయం పట్టుకుంది.

కాసేపటికి ఫోన్. అక్క కొడుకు.

"చిన్నమ్మా, అమ్మ పోయింది."

షాక్. మా సత్తెమ్మక్క ఇక లేదు.

పిట్టల చప్పుడు ఆగితే నాకెందుకంత భయమో మీలో చాలామందికి తెలియదు.

అరవైల నాటి మాట. దేవరకొండ దగ్గర మా ఊరు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. కరువు. బాపు చేలల్లో దొరికిన పూరేడు పిట్ట పిల్లల్ని తెస్తే అక్క గంప కింద పెంచేది. పెరిగాక అంగట్లో అమ్మేవాళ్ళం. వాటి మేత సజ్జ నూక. ఆ ఏడు సజ్జలు మాకే లేవు. అక్క సామలు పోసింది, గడ్డి గింజలు దంచి పోసింది. పిల్లలు ఎదగలేదు.

అప్పుడు బాపు ఎక్కడినుంచో ఒక జొన్న సంచి తెచ్చాడు. విత్తనాల కోసం మందు పట్టించిన గింజలు. గులాబీ రంగు.

"కడిగితే పోతది తియ్" అంది అవ్వ. రంగు పోయేదాకా కడిగి ఎండబోసింది. సగం పక్కింటి పోచమ్మత్తకు ఇచ్చింది.

అక్క ముందు దోసెడు నూక చేసి గంప కింద పోసింది.

"మనుషులకే లేకుంటే పిట్టలకు పోస్తవానే?" అని అవ్వ ఒకటే తిట్లు.

సాయంత్రం రొట్టెలు కాలుతున్నాయి. ఆకలికి ఆ వాసన ఎంత బాగుందో! గంపలో మాత్రం చడీచప్పుడు లేదు.

అక్క గంప ఎత్తి చూసింది. వచ్చి బాపు చేతిలో రొట్టె గుంజుకుని పొయ్యిలో పడేసింది.

"తినకుండ్రి! పిట్టలన్నీ సచ్చినయ్!"

అదే ఊపున పక్కింటికి పరుగెత్తింది.

వాళ్ళింట్లో పిట్టలు లేవు. అప్పటికే తినేశారు. బండి కట్టి దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోచమ్మత్త ప్రాణం పోయింది.

ఆ రోజు నుంచి అక్క మారిపోయింది. సూపర్‌మార్కెట్ బియ్యమైనా సరే, ముందు గుప్పెడు తన ఇంటి గోడ మీద పోసి పిట్టల కోసం కూర్చునేది. మేం ఆకలితో నకనకలాడుతూ "అక్కా, ల్యాబ్ రిపోర్ట్ వచ్చిందా?" అని ఏడిపించేవాళ్ళం.

"నవ్వుండ్రి. ముందుగాల పిట్టను తిననియ్యిండ్రి" అనేది. తను మాత్రం నవ్వేది కాదు.

రేపు మూడో రోజు. అక్క పేరు మీద పిట్టకు పెట్టాలి. ఆ గోడ మీదే జొన్న నూకతో గటక వండి పెడతాం. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరమూ తినం.

ఆ ఇంట్లో అది కొత్తేమీ కాదు.

పోయిరా అక్కా. ఇక ఎవరికీ కాపలా కాయకు. నిమ్మళంగా పడుకో.