బస్సులో పలికిన పేరు

వర్ధన్నపేట నుంచి వరంగల్ పోయే బస్సులో నా పక్కన ఆలుమగలిద్దరు కూర్చున్నారు. ఆయన కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడట. కిటికీ బయటికి చూస్తున్నవాడు భార్య వైపు తిరిగి, "నా పేరేంది?" అని అడిగాడు.

మా దిక్కు ఆడవాళ్లం మొగుడి పేరు నోట పలకం. దవాఖానలో అడిగినా పక్కవాళ్లతో చెప్పిస్తాం. ఆమె మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని, బస్సంతా వినపడేటట్టు, "మల్లేశం. నీ పేరు మల్లేశం" అంది. ఆయన నవ్వి, మళ్లీ బయటికి చూశాడు.

నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, గొంతు తగ్గించకుండానే చెప్పింది.

"హెచ్‌ఐవీ పెద్దమ్మా. మందులు లేటుగ మొదలువెట్టినం. మెదడుల కావలుండే కణాలల్ల జొచ్చిందట. అవి విషం గక్కుతె, ఆలోచన జేసే కణాలు పక్కనే పాడైతయట. అందుకే మరుస్తాండు. ఇప్పుడు గోళీలు తప్పకుంట ఏస్తాన, జర నయం."

"పేరు పలుకుడు ఎట్లొచ్చింది బిడ్డా నీకు?"

"ఆయినె మరిచె. నేను గూడ పలకకుంటె ఆ పేరు యాడుంటది?"



ఇంటికొచ్చాక, ఈ వయసులో నేర్చిన అక్షరాలతో మా ఆయన పేరు రాశాను. రాసింది పైకి చదివాను.

వాకిట్లోంచి ఆయన అన్నాడు: "ఎవలు పిలుస్తాండ్లు నన్ను?"