చిన్నాయన బస్సు, నా రైలు

ఆ రోజుల్లో చింతామణి నుంచి బెంగళూరికి పోవడానికి మాకున్నవి రెండే దారులు. బస్సు హొసకోట మీదుగా సూటిగా మూడు గంటల్లో చేర్చేది. చిన్న రైలు శిడ్లఘట్టనూ చిక్కబళ్ళాపురాన్నీ దేవనహళ్ళినీ పలకరించుకుంటూ పొద్దున బయలుదేరి సాయంత్రానికి చేరేది. ఏది మేలో చంటిపిల్లకైనా తెలుసు. నాకు అప్పటికే పద్దెనిమిదేళ్ళు నిండాయి కాబట్టి తెలియలేదు.

టీచర్ ట్రైనింగుకు సీటొచ్చింది. చేరాల్సిన రోజు సాయంత్రం ఐదులోపల బెంగళూరులోని విద్యాశాఖ కచేరీలో నేనే వెళ్ళి సంతకం పెట్టాలి, లేకపోతే సీటు ఇంకొకరికి. నాన్న లేని ఇంట్లో పెత్తనం చిన్నాయనది. ఆయన బస్సన్నాడు. బస్సెక్కితే హొసకోట చేరేలోపల నాకు మూడు వాంతులు (ఒకటి పక్కావిడ కొత్త చీర మీద, ఆ సంగతి ఇప్పుడొద్దు). నేను రైలన్నాను.

"ముక్కు యాడుండాదంటే తలచుట్టూ చెయ్యి తిప్పి చూపినట్లుండాది నీ రైలు! నిమ్మకాయ వాసన చూసుకుంటా కూసో అమ్మణ్ణీ, మూడు గంటలే."

"సీటు నాది, కడుపూ నాది. రైల్లోనే పోతా."

అంతవరకూ రైలెక్కని మా అవ్వ నా పక్షం చేరింది. "దానికి తోడు నేను పోతా. నువ్వు పెట్టె తీసుకోని బస్సులో పోరా" అని కొడుక్కు తీర్పు చెప్పింది. చిన్నాయన పళ్ళు నూరుకుంటూ ట్రంకుపెట్టె ఎత్తుకున్నాడు. నా సర్టిఫికెట్లన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయని రైలు కదిలాక గుర్తొచ్చింది.

చిక్కబళ్ళాపురంలో ఇంజను నీళ్ళు తాగడానికి నిలబడింది, తాగుతూనే ఉంది. అవ్వ దిగి ద్రాక్షపళ్ళు బేరమాడింది. గార్డు జెండా చంకన పెట్టుకుని, "బిర్నా ఎక్కమ్మా, నీకోసరమే నిలబెట్టుండాము" అన్నాడు. ఎదుటి పెద్దాయన జాలిపడి, "బస్సులో పోయుంటే ఈపాటికి భోంచేసి పండుకోనుందురు" అన్నాడు.

"ఈ గాలి బస్సులో వస్తాదా తాతా?" అన్నానో లేదో, కంట్లో బొగ్గునుసి పడింది. నీళ్ళు కారుతున్నా కిటికీ మాత్రం మూయలేదు.

కచేరీ మెట్లెక్కేసరికి ఐదుకు పది నిమిషాలుంది. గుమ్మానికి అడ్డంగా మా ట్రంకుపెట్టె, దానిమీద చిన్నాయన. మధ్యాహ్నానికి ముందే వచ్చాడట. పిల్ల లేనిదే కాగితాలు చూసేది లేదన్నారట. తలుపు మూయాలి లెమ్మంటే లేవలేదట. మేమొచ్చింది చూడకుండా ఇంకా గుమాస్తాతో వాదిస్తూనే ఉన్నాడు.

"నా బిడ్డ రైల్లో వస్తాండాది సామీ. ఐదు కొట్టేదాకా లేచేది లేదు."

"బస్సుండగా రైల్లో ఎవరొస్తారయ్యా?" గుమాస్తా విసుక్కున్నాడు.

"ఏం, రైలుకేం తక్కువ? కడుపులో తిప్పదు, గాలాడతాది. మీరెప్పుడన్నా ఎక్కినారా?" అని గద్దించాడు చిన్నాయన (ఆయనా ఎప్పుడూ ఎక్కలేదు).

సంతకం పెట్టాను. పక్కనే మసి వేలిముద్ర కూడా పడింది.

ఆ రాత్రి బంధువుల ఇంట్లో పడుకుని మరునాడు ఊరికి బయలుదేరాం. ఒళ్ళంతా నొప్పులు. మెత్తబడి, "బస్సులో పోదామా చిన్నాయనా?" అన్నాను.

"గుమాస్తాతో అంత వాదించినాక బస్సెక్కేదా? మానం పోదా? నడువు స్టేషనుకు!"

సాయంత్రం దాకా రైల్లో ముగ్గురం కళ్ళు నలుపుకుంటూ, భలే ఉందని ఒకరికొకరం చెప్పుకుంటూనే ఉన్నాం. ఆ తర్వాత బడిలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాను. పద్దెనిమిదేళ్ళ ఆ మసిముఖం పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది. బస్సే మేలని దానికి చెప్పే ధైర్యం మాత్రం నాకు ఈనాటికీ లేదు.