గట్టు మీద గోగు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, నంద్యాల నుంచి కడప పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. తెల్లటి పంచె, మెత్తటి మాట. వెనక సీట్లో అతని తమ్ముడి భార్య ఒడిలో సద్దిమూట పెట్టుకుని ఉంది. ఆళ్లగడ్డలో బస్సు ఆగితే ఆమె నీళ్లు తేవడానికి దిగింది. ఎక్కడికి పోతున్నారని అతన్ని అడిగాను.

"కడప జైలుకు సామీ. మా తమ్ముడుండాడు. వాని చేన్లో గంజాయి దొరికింది."

"పండించాడా?"

"వానికి గంజాయి మొక్క ఎట్లుంటాదో కూడా తెల్దు. గట్టు మీద గోగులో కలిసి మొలిచింది. రెండిటికీ ఆకు ఒకే మాదిరి. ఆ నీళ్లకు దిగిన పిల్లే కలుపు తీస్తా, గోగనుకొని దాన్నీ సాకింది."

"మరి విత్తనం ఎవరు చల్లారు?"

అతను విత్తనం జారవిడిచేటట్టు బొటనవేలితో మిగతా వేళ్లను మెల్లగా రుద్దాడు.

"చేను ఎవరిదని అడుగుతాది సామీ చట్టం. చల్లిన చెయ్యి ఎవరిదని అడగదు. పొలం తగువులో వాని మీద కొడవలి ఎత్తింటే నేనే జైలుకు పోయింటా. ఇప్పుడు వాని చేను గూడా నేనే సేద్యం చేస్తాండా."

ఆమె చెంబుతో వచ్చి ముందు అతనికే ఇచ్చింది. "మా బావ లేకుంటే మా బతుకు ఏమైపోయేదో సామీ," అంది నాతో.

అతను తాగి, మూతి తుడుచుకుని, చెంబు తిరిగి ఇచ్చాడు.

"దిగులు పడొద్దమ్మా. వాడు ఇంటికొచ్చేలోగా గట్టు మీద గోగు నేనే చల్లి పెడతాలే."

ఆమె చెంబు కింద పెట్టి అతనికి దండం పెట్టింది.