అమ్మ పడుగు, గల్లీ పిల్లులు

గద్వాలలో పుట్టి మగ్గం చప్పుడులో పెరిగాను గానీ, మా అమ్మ ఒంటిమీద గద్వాల చీర ఎన్నడూ చూడలేదు. నూలు, పట్టు ఇచ్చేది షావుకారు. నేసిన చీర తీసుకుపోయేదీ షావుకారే. ఒకసారి అడిగితే, "మనమే కట్టుకుంటే అమ్మేటందుకేం మిగుల్తదే?" అని నవ్వి ఊరుకుంది. అలాంటి అమ్మ మొన్నీమధ్య, యాభై దాటాక, సొంతంగా నూలు కొనుక్కుని ఒక్క చీరకు సరిపడా పడుగు తయారుచేసుకుంది. నాన్న మగ్గం పక్కన ఖాళీగా పడున్న పాత మగ్గానికి ఆ నిలువు దారాలన్నీ బిగించింది. తన చీర కదా, దారం తెగకూడదని గంజి మామూలుకన్నా చిక్కగా పట్టించింది. మురిపెం అట్లాంటిది మరి!

గంజి వాసనకు ఎలుకలు వస్తాయని నేత ఇళ్లలో అందరికీ తెలుసు. అమ్మకూ తెలుసు. కానీ అప్పటికి మేం ఎలుకను చూసి చాన్నాళ్లయింది.

అదంతా ఒక బూడిదరంగు పిల్లి పుణ్యం. కొన్నేళ్ల కిందట ఎలుకలు పట్టపగలే మగ్గం గుంతలో తిరుగుతుంటే, ఎవరింటి నుంచో అమ్మ దాన్ని తెచ్చింది. దానికిక పండగే. కడుపునిండా తిండి దొరికింది, పిల్లల్ని పెట్టింది, ఆ పిల్లలు మళ్లీ పిల్లల్ని పెట్టాయి. చూస్తుండగానే గల్లీనిండా పిల్లులే. ఎలుకలు కనబడకుండా పోయాయి. సంతోషించాలా, వద్దా? మనుషులం కదా, ఎలుకల సంగతి మరిచిపోయి పిల్లుల్ని తిట్టడం మొదలుపెట్టాం. వాటి తప్పేముంది? వేటాడటానికేమీ లేక పాలగిన్నెల మీద పడ్డాయి. కొన్ని బక్కచిక్కిపోయాయి. పుట్టిన కూనలు పుట్టినట్టే చచ్చిపోయేవి. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే అవే తగ్గిపోయేవి. అంత ఓపిక ఎవరికుంది! పక్కింటి అత్త పెరుగు కుండ పగిలిన రోజున గల్లీ అంతా మా ఇంటి మీదికొచ్చింది. నాన్న చేతికందిన పిల్లుల్ని సంచిలో వేసి, ఆటోలో బీచుపల్లి గుడి దగ్గరికి తీసుకుపోయి వదిలేసి వచ్చాడు. అమ్మ మొదట తెచ్చిన ఆ బూడిదరంగు ముసలి పిల్లి ఒక్కటే దొరకలేదు.

"గుడికాడ నాలుగు మెతుకులు దొర్కుతయిలే," అన్నాడు. ఆయనకూ బాధగానే ఉందని మొహం చూస్తే తెలిసింది.

తర్వాత కొన్ని నెలలు హాయిగా గడిచాయి. ఆ ధైర్యంతోనే అమ్మ అంత చిక్కటి గంజి పెట్టింది. మా ఇంటి వెనక పత్తి విత్తనాల గోదాములో మిగిలిన నాలుగు ఎలుకలు ఏం చేస్తున్నాయో ఎవరం ఆలోచించలేదు. తిండి ఉంది, తరిమేది లేదు. పెరగక ఏం చేస్తాయి?

ఒక పొద్దున అమ్మ కేక విని ఉరికాను. ఇంకా నేయాల్సిన పడుగును మగ్గం చివర మూటలా చుట్టి కడతారు. ఆ మూటను ఎలుకలు లోపలిదాకా కొరికేశాయి. అమ్మ తెగిన దారాలు ఒళ్లో పెట్టుకుని కూచుంది. నాకు ఎలుకల మీద కాదు, నాన్న మీద, పక్కింటి అత్త మీద, మొత్తం గల్లీ మీద ఒళ్లు మండింది.

నాన్న బజారుకు పోయి ఎలుకల మందు తెచ్చాడు. మిగిలిన పడుగైనా దక్కాలి కదా. అమ్మ ఆ పొట్లం లాక్కుంది.

"మందు తిన్న ఎలుకను పిల్లి తింటది. అది గుడ సస్తది."

"ఏ పిల్లే? అన్ని ఇడిసొచ్చిన గద!" అన్నాడు నాన్న.

"ముసల్ది మన కట్టెల సాటున ఈనింది. పిల్లలు ఇంక కండ్లు గుడ తెర్వలే. తల్లి సస్తే వాటికి పాలెవరిస్తరయ్యా?"

"మరి నీ చీర?"

అమ్మ వాపసు ఇచ్చి రమ్మని పొట్లం నా చేతిలో పెట్టింది.

ఆ పిల్లి ఒక్కటే, అదీ బాలింత. ఎన్నని పడుతుంది పాపం? మూటను పైకి కట్టినా, గుడ్డలు చుట్టినా ఎలుకలు వదల్లేదు. అమ్మ తెగినచోటల్లా ముడి వేసుకుంటూ నేసింది. కూనలు పెద్దవై వేటకు దిగాక గానీ ఎలుకలు తగ్గలేదు. ఈసారి గల్లీలో ఎవరూ పిల్లుల్ని పల్లెత్తు మాట అనలేదు. కానీ అప్పటికి పడుగు చివర ముడి వేయడానికి కూడా దారం మిగల్లేదు.

దారం ఉన్నంతవరకే నేసి, అమ్మ చీరను మగ్గం మీంచి కోసింది. ఆకుపచ్చ చీర, మామిడిపండు రంగు అంచు. ఒంటికి చుట్టుకుంది. కుచ్చిళ్లు పోస్తే కొంగు భుజం దాకా రాలేదు. కుచ్చిళ్లు తీసేసింది. అప్పుడు కొంగు భుజం మీదికి వచ్చింది గానీ నిలవలేదు. చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుస్తవెందుకే? జర సూసి చెప్పు, ఎట్లున్న?"

"మస్తున్నవమ్మా," అన్నాను.

అమ్మ నాన్న వైపు తిరిగింది. ఆయన మగ్గం ఆపి తలెత్తేదాకా కొంగు చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడింది.