మా మరిది దురదృష్టం

మా మరిది బంతిని ఎంత గట్టిగా కొట్టినా అది సరిగ్గా ఎవరో ఒకరు నిలబడ్డ చోటికే వెళ్లేది. పోయిన వేసవంతా ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో కౌన్సిల్ పార్కు పక్కన మడత కుర్చీ వేసుకుని, ఒళ్లో స్కోరు పుస్తకం పెట్టుకుని ఈ ఘోరం చూశాను. ఒళ్లు మండేది.

ఆట బేస్‌బాల్. క్రికెట్ పుట్టిన దేశంలో ఇదేం ఖర్మ అని మా ఆయన కూడా అన్నాడు. మా మరిది చిన్నప్పటి నుంచీ ఏ క్రికెట్ జట్టులో చేరినా పన్నెండో మనిషే. నలభై ఏళ్లు దగ్గర పడుతుంటే, ఆఫీసులో ఎవరో ఈ ఆదివారం బేస్‌బాల్ జట్టు సంగతి చెప్పారట. బేస్‌బాల్‌లో బ్యాటు కింద పడేసి పరుగెత్తాలి. మొదటి మ్యాచిలో బంతి కొట్టి, బ్యాటు చేత్తో పట్టుకునే పరుగెత్తాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ప్రతి ఆదివారం స్విండన్ నుంచి కారులో వచ్చి, మా ఇంట్లో ఇడ్లీ తిని, నన్ను ఎక్కించుకుని పార్కుకి తీసుకెళ్లేవాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగమని తెలియగానే జట్టువాళ్లు స్కోరు రాసే పని నాకు అంటగట్టారు. ఆ రోజే మా మరిది నేను తన వదిననని అందరికీ గర్వంగా చెప్పుకున్నాడు.

ప్రతి సోమవారం బ్యాటింగ్ సగటులు లెక్కగట్టి కెప్టెన్‌కి పంపేదాన్ని. ఆయన ప్లంబరు, మంచివాడే, కానీ ఆ కాగితం తప్ప ఇంకేదీ నమ్మడు. సీజన్ చివర మాంచెస్టర్‌లో టోర్నమెంటు. బ్యాటింగుకి తొమ్మిదిమందే. ఆ తొమ్మిదిలో ఒకడు కావాలని మా మరిది ఆశ. ఆ శనాదివారాల కోసం ఆఫీసులో షిఫ్టుల రోటా మార్పించుకుని, బదులుగా దీపావళి రోజు డ్యూటీ నెత్తిన వేసుకున్నాడు. ఆ దెబ్బకి మా తోడికోడలు అతనితో రెండు రోజులు మాట్లాడలేదు. కొత్త బూట్లు కూడా కొన్నాడు, పెట్టె విప్పకుండా కారులోనే ఉంచాడు.

ఆగస్టు చివరికి అతని సగటు జట్టులో అందరికన్నా కింద ఉంది. అందరికన్నా పైన ఉన్నవాడు కెప్టెన్ స్నేహితుడు, ఒక స్కూలు టీచరు. అతను కొడితే బంతి బ్యాటు అంచుకి తగిలి, గాల్లోకి సోమరిగా లేచి, ముగ్గురు ఫీల్డర్ల మధ్య ఎవరికీ అందకుండా పడేది. అతనికే సిగ్గేసేది. అదృష్టవంతుణ్ని చెరిపేవాడు లేడు, దురదృష్టవంతుణ్ని బాగుచేసేవాడు లేడు అని మా అత్తగారు ఊరికే అనలేదు.

నాకు మాత్రం బాగుచేసే దారి ఒకటి దొరికింది. బేస్‌బాల్‌లో అదృష్టాన్ని కొలిచే లెక్క ఉంది. మైదానంలోకి కొట్టిన బంతుల్లో ఎన్ని హిట్లయ్యాయో, అంటే ఎన్నిసార్లు కొట్టినవాడు తన దెబ్బ బలంతోనే బేస్ అనే మజిలీ చేరాడో చూస్తారు. చాలాకాలం ఆడితే ఎవరికైనా అది సుమారు పదికి మూడు దగ్గర తేలుతుంది. బాగా ఎక్కువుంటే అదృష్టం తోడున్నట్టు, బాగా తక్కువుంటే లేనట్టు. రెండూ ఎక్కువకాలం నిలవవు. మా మరిది నలభై ఒక్క బంతులు కొడితే ఆరు హిట్లు. పదికి ఒకటిన్నర కూడా లేదు. టీచరుకి పదికి ఐదు. రంగులేసి, గీతలు గీసి కెప్టెన్‌కి పంపాను.

ఆ ఆదివారం మైదానంలో ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అంటే అతను దురదృష్టవంతుడంటావు. మరి దురదృష్టవంతుణ్ని మాంచెస్టర్ ఎందుకు తీసుకెళ్లాలి?" అన్నాడు.

"ఇకముందు ఇలా ఉండదని లెక్క చెబుతోంది."

"లెక్క చెబుతోందో, వదిన చెబుతోందో" అని నవ్వాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ యవ్వారం" అన్నాడు. ఆ రోజు ఆయనకి నిన్నటి పప్పే.

ఇక పుస్తకం మొత్తం తిరగేసి, కొట్టిన ప్రతి బంతీ ఎటు వెళ్లిందో చూపించి కెప్టెన్ నోరు మూయించాలనుకున్నాను. బుధవారం ఇంటి నుంచి పని, లంచ్ గంటలో కూర్చున్నాను. మా మరిది గళ్లలో ఒకే అక్షరం మళ్లీ మళ్లీ కనబడింది. ఇంగ్లీషు ఈ. అంటే ఎర్రర్, ఫీల్డర్ తప్పు. క్రికెట్‌లో క్యాచ్ వదిలేస్తే పరుగు బ్యాటరుకే పోతుంది. ఇక్కడ అలా కాదు. మామూలు ఫీల్డర్ ఆపగలిగే బంతిని జారవిడిస్తే, కొట్టినవాడు బేస్ చేరినా హిట్ రాదు, సగటు పడిపోతుంది. ఆపగలిగే బంతా, కాదా? అది తేల్చేది స్కోరు రాసే మనిషి.

అంటే నేను.

క్రికెట్ అలవాటు కొద్దీ అతను బంతిని నేల మీదే, తూటాలా కొట్టేవాడు. ఫీల్డర్ల చేతులకి తగిలి ఎగిరిపోయేది. అలాంటివే ఇంకెవరు కొట్టినా హిట్ రాశాను. మా మరిది కొడితే, ఎవరైనా నా పుస్తకం మీదుగా తొంగిచూసి వదినగారి లెక్క అంటారేమోనని ఎర్రర్ రాశాను. అనుకుని చేయలేదు. చెయ్యి దానంతటదే అలా రాసింది. నిజాయితీగా లెక్కపెడితే ఐదు హిట్లు మింగాను. ఆరు కాదు, పదకొండు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నన్ను నేనే పట్టుకున్నాను.

వెంటనే కెప్టెన్‌కి ఫోన్ చేశాను. ఆటయ్యాక సంతకం పెట్టిన పుస్తకం మార్చడం కుదరదన్నాడు, పైగా జట్టు పేర్లు ఉదయమే పంపేశాడట. తొమ్మిదిలో మా మరిది లేడు.

ఆదివారం ఇడ్లీ తింటుంటే అతనికి అంతా చెప్పాను. అతను ఇడ్లీ తుంచుతూనే అన్నాడు.

"తెలుసు వదినా. జూన్ నుంచీ చూస్తానే ఉండా."

"మరి నోరు తెరిచి చెప్పవేంది?"

"చెబితే నువ్వు మార్చేదానివి. అప్పుడు నిన్ననేవోళ్లు. పోనీలే, చట్నీ వెయ్యి."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నా పరువు కాపాడమని ఇతన్నెవరడిగారు? అడగకుండానే నేను అతని చోటు పోగొట్టాను, అడగకుండానే అతను ఊరుకున్నాడు.

మాంచెస్టర్‌కి స్కోరు రాయడానికి నేను వెళ్లక తప్పలేదు. మోటర్‌వే మీద నాకు భయం. అతనే నడిపాడు, కొత్త బూట్లు వేసుకుని. రోజంతా నా పక్కన గడ్డిలో కూర్చున్నాడు. మూడో ఇన్నింగ్స్‌లో టీచరు మొదటిసారి బంతిని నిండుగా కొట్టాడు. అది నేల మీద దూసుకెళ్లి ఫీల్డర్ చేతికి తగిలి పక్కకి పోయింది. నా పెన్ను ఆగింది.

"హిట్ రాయి వదినా" అన్నాడు మా మరిది. "అంత గట్టిగా కొడితే ఎవుడాపుతాడు?"

రాశాను. ఆ మాట అతని గురించి నేను ఐదుసార్లు అనుకోవాల్సింది.