గ్రాడుస్ చెక్కబూట్లు విప్పిన మధ్యాహ్నం

గ్రాడుస్‌కి డెబ్భై రెండేళ్లు. అందులో నలభై మూడేళ్లు మోకాళ్ల మీదే గడిచిపోయాయి. దేవుడి ముందు అనుకునేరు, ఇసుక ముందు. ట్వెంటె ప్రాంతంలోని ఆ చిన్న ఊళ్లో వీధిలో ఇటుకలు పరచాలన్నా, పెరట్లో సిమెంటు పలకలు వెయ్యాలన్నా గ్రాడుసే రావాలి. కింద సిమెంటు పొయ్యడు, జిగురు పెట్టడు. తడి ఇసుకని చదును చేసి, దాని మీద పలకని కూర్చోబెట్టి, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా నాలుగు దెబ్బలు వేస్తాడు. ఇక ఆ పలక కదిలితే ఒట్టు. అతనుండే వీధిలో పదకొండు పెరళ్లూ అతని చేతి పనే. గోడ నుంచి గోడ దాకా బూడిదరంగు పలకలే. గడ్డిపరక మొలవదు, వానొస్తే బురద ఉండదు. రెండు పలకల మధ్య కత్తి మొన దూర్చి చూపించమని సవాలు చేసేవాడు. ఇంతవరకూ ఎవరూ దూర్చలేకపోయారు.

ఇంట్లో సాక్సులు, బయట చెక్కబూట్లు. తాత అలాగే తిరిగాడు, తండ్రి అలాగే తిరిగాడు, ఇతనూ అంతే. గుమ్మం దిగుతుంటే కాలు దానంతటదే వెళ్లి చెక్కబూటులో దూరుతుంది. రెండు వేళ్ల మందం చెక్క. జనవరి మంచూ తెలియదు, జూలై ఎండా తెలియదు. ఈ బూట్ల సంగతి కాస్త గుర్తుంచుకోండి.

నవంబరులో పక్కింట్లోకి ఒక అమ్మాయి దిగింది. పేరు ఇవెట్, ముప్పై లోపు వయసు, దూరాన పెద్ద నగరం రోటర్‌డామ్ మనిషి. వృద్ధాశ్రమం వంటగదిలో పని. పొద్దున ఆరున్నరకి సైకిలెక్కితే మళ్లీ సాయంత్రం నాలుగింటికే రావడం. వెంట మోస్ అనే నల్ల కుక్క. దూడంత ఉంటుంది, ఒంటినిండా దట్టమైన బొచ్చు, వయసు పన్నెండు దాటింది. పాపం మొరగను కూడా మొరగదు.

వచ్చి ఎనిమిది నెలలైనా ఇవెట్‌కీ వీధికీ మాటల్లేవు. ఆ ఊళ్లో కొత్తగా దిగినవాళ్లే చుట్టుపక్కల ఇళ్లవాళ్లని పిలిచి తలా ఒక చిన్న గ్లాసు సారా పొయ్యాలి. అది తాగాకే పొరుగు అయినట్టు. ఒకసారి అయ్యాక మాత్రం పురుడొచ్చినా, చావొచ్చినా, నిప్పంటుకున్నా పిలవకుండానే పరుగెత్తుకు రావాలి, తలుపు తట్టక్కర్లేదు. ఇవెట్ ఎవరినీ పిలవలేదు.

"పిలవకుండా మనమెందుకు పోవాలి?" అనేది గ్రాడుస్ భార్య డీనీ. వీధంతా అదే మాట. కిటికీ తెరలు పక్కకి జరిపి చూడటానికి మాత్రం ఎవరికీ పిలుపు అవసరం రాలేదు.

జూలై మూడో వారంలో ఎండలు పేట్రేగిపోయాయి. సోమవారం మధ్యాహ్నం గ్రాడుస్ మేడమీద కిటికీ మూయబోతూ పక్కింటి పెరట్లోకి చూశాడు. మోస్ నడి పెరట్లో నిలబడి ఒక కాలు ఎత్తింది, దించింది. రెండో కాలు ఎత్తింది, దించింది. కాసేపు పడుకుంది, వెంటనే లేచింది. మళ్లీ కాళ్లు ఎత్తడం మొదలుపెట్టింది. నాలుక గడ్డం కిందికి వేలాడుతోంది. మూలనున్న ఎండ గొడుగు నీడ కంచె మీద పడుతోంది, కుక్క మీద కాదు.

నాలుగూ పదికి గ్రాడుస్ వెళ్లి పక్కింటి గంట నొక్కాడు.

"ఏమ్మాయ్, ఆ కుక్కని వేయిస్తున్నావా, ఉడకబెడుతున్నావా? ఏదో ఒకటి తేల్చు" అన్నాడు. అతని లెక్కలో అది మెత్తగా మాట్లాడటమే.

ఇవెట్ మొహం కందిపోయింది. "మీరెవరండీ?"

"పక్కింటివాణ్ణి."

"ఓహో, పక్కింట్లో మనుషులున్నారా! ఎనిమిది నెలల్నించీ గోడలే ఉన్నాయనుకుంటున్నా."

"నువ్వు పిలవాలి కదా మరి."

"దేనికి పిలవాలి?"

"పొరుగు గ్లాసుకి."

"అదేంటో నాకెవరు చెప్పారు? మా వైపు పాతవాళ్లే కేకు పట్టుకుని కొత్తవాళ్ల తలుపు కొడతారు. డిసెంబరు దాకా ప్రతి ఆదివారం కాఫీ కలిపి పెట్టుకుని కూర్చున్నా, ఎవరన్నా వస్తారేమోనని. ఒక్కళ్లు రాలేదు. ఇవాళొచ్చి మొదటి మాటే తిట్టా?"

"సర్లే, ముందు కుక్క సంగతి చెప్పు" అన్నాడు.

"ఏం చెప్పమంటారు? కిటికీలన్నీ మూసి వెళ్తే ఇల్లు కొలిమైపోతుంది. బయటైతే గాలి తగులుతుందని వదులుతున్నా. నేను పొద్దున వెళ్లేటప్పుడు పెరడంతా మా ఇంటి నీడ. వచ్చేటప్పటికి మీ షెడ్డు నీడ. బకెట్ నిండా నీళ్లు పెట్టా, గొడుగు పెట్టా. ఇంకేం చెయ్యాలి?"

"మధ్యాహ్నం నీడ ఉండదు. పలకలు కాలతాయి."

"మీ పెరట్లోనూ అవే పలకలు కదా. ఎండలో మీరు కుండీల్లో టమాటా మొక్కలకి నీళ్లు పోసుకుంటూ తిరుగుతారు. మీకేం కాలేదే!" అని తలుపు వేసేసింది.

నిజమే, తనకేం కాలేదు. గ్రాడుస్ తల గోక్కుంటూ ఇంటికొచ్చాడు. ఎదురింటి ట్రూస్ అప్పటికే వీళ్ల వంటింట్లో డీనీతో కాఫీ తాగుతూ కూర్చుంది.

"పోలీసులకి ఒక్క ఫోను కొట్టు, గ్రాడుస్. వాళ్లే వచ్చి చూసుకుంటారు" అంది ట్రూస్.

"మొహం మీద చెప్పలేని మాట ఫోనులో చెప్పను."

"మొహం మీద చెప్పొచ్చావుగా! ఏం ఉద్ధరించావు?" అంది డీనీ.

"సరిగ్గా చెప్పలేదు. రేపు మళ్లీ చెప్తా."

కానీ రేపటి ఎండ సాయంత్రం దాకా ఆగలేదు. మంగళవారం పన్నెండున్నరకే ముప్పై ఏడు డిగ్రీలు. గ్రాడుస్ కిటికీలోంచి చూసేసరికి మోస్ కాళ్లు ఎత్తడం మానేసింది. పక్కకి ఒరిగి పడుంది. డొక్కలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

గ్రాడుస్ మెట్లు దిగడం చూసి డీనీ చేతిలో పని వదిలేసి వచ్చింది. ఆ మోకాళ్లతో అంత వేగంగా అతను దిగి పదేళ్లయింది.

"ఏమయ్యా, ఎక్కడికి?"

"పక్కింటికి. నువ్వు పశువుల డాక్టరుకి ఫోను చెయ్యి."

"ఆ అమ్మాయి మనకింకా పొరుగు కాలేదయ్యా. చెప్పకుండా పెరట్లోకి దూరితే దొంగతనం అంటుంది."

"అననీ. గ్లాసు నేను తాగేశాననుకో. పో, ఫోను చెయ్యి!"

షెడ్డు పక్కనున్న కంచెలో రెండు చెక్కలు ఊడబెరికి అవతలికి దూరాడు. ముందు బకెట్ నీళ్లు కుక్క మీద పోశాడు. పలకల మీదికి జారిన నీళ్లు చూస్తుండగానే ఆరిపోయాయి. మోస్ కళ్లు తెరిచింది, తోక కొస ఒక్కసారి ఆడించింది. చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాడు. నలభై అయిదు కిలోలకి తగ్గదు. నడుం కలుక్కుమంది. ఈడుద్దామంటే, అడుగున పొట్ట మీద బొచ్చు పల్చగా ఉన్నచోట చర్మం ఎర్రగా కమిలిపోయి కనిపించింది. పాదాల మెత్తల మీద బొబ్బలు.

పలక మీద అరచెయ్యి పెట్టి చూశాడు. వేడిగానే ఉంది. అయితే ఆ చెయ్యి నలభై మూడేళ్ల కాయలు కాసిన చెయ్యి, దాని మాట నమ్మడానికి లేదు. అప్పుడు గ్రాడుస్ తన జన్మలో చెయ్యని పని చేశాడు. చెక్కబూట్లు విప్పాడు, సాక్సులు తీశాడు, తను పరిచిన పలక మీద ఉత్తికాళ్లతో నిలబడ్డాడు.

ఒకటి, రెండు, మూడు. నాలుగు అనేలోపే కెవ్వున గెంతి మళ్లీ చెక్కబూట్లలోకి ఎక్కాడు.

"అయ్యో రామ" అనే అలవాటు ఆ దేశంలో లేదు గానీ, వాళ్లకున్న మాటల్లో అంతకంటే పెద్దవి నాలుగు అతని నోట్లోంచి వచ్చాయి. తిట్టుకున్నది ఆ అమ్మాయిని కాదు. పదకొండు పెరళ్లు! ఒక్క చెట్టు పాదు వదిలాడా? పిల్లలు ఎండాకాలం బయట ఆడటం లేదని ఇళ్లవాళ్లు అంటుంటే, టీవీల మాయ అని కొట్టిపారేశాడు. రెండు వేళ్ల చెక్క మీద నిలబడి బతికినవాడికి ఏం తెలుస్తుంది? సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

సిగ్గుపడుతూ కూర్చునే తీరిక లేదు. షెడ్డులోంచి ఇనుప సుత్తి, గడ్డపార, టార్పాలిన్ తెచ్చాడు. టార్పాలిన్‌ని కంచెకీ గొడుగుకీ కట్టి కుక్క మీద నీడ చేశాడు. తర్వాత దాని పక్కనే మోకాళ్లూని, పలకల సందులో గడ్డపార మొన పెట్టాడు. దూరలేదు. అంత బాగా చేశాడు మరి, మహానుభావుడు! చివరికి సుత్తి ఎత్తి పలక నడిమధ్యన కొట్టాడు. మూడో దెబ్బకి పగిలింది. ఆ చప్పుడుకి కంచె అవతల డీనీ గుండెల మీద చెయ్యి వేసుకుంది. మొగుడు తన పనిని తనే పగలగొట్టడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

మొదటిది పోయాక మిగతావి సులువుగా లేచాయి. రెండు, అయిదు, తొమ్మిది, పన్నెండు. అడుగున ఇసుక నల్లగా, చెమ్మగా, చల్లగా ఉంది. ఇన్నేళ్లూ ఆ చల్లదనం అక్కడే ఉంది, పైన మూత పెట్టింది తనే. డీనీ తెచ్చిన తడి దుప్పటి మీదికి మోస్‌ని దొర్లించి, చెరో కొసా పట్టుకుని గుంటలోకి లాగారు. కుక్క పొట్ట ఇసుకకి తగలగానే పొడుగ్గా ఒక నిట్టూర్పు విడిచి, ముక్కుతో ఇసుకని కాస్త తవ్వుకుని గడ్డం ఆనించింది.

రెండింటికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. పాదాలకి మందు రాసి కట్లు కట్టింది, సూది వేసింది. "ఇంకో అరగంట ఆ పలకల మీదే ఉండుంటే నేను వచ్చినా లాభం లేకపోయేది. ఈ ఇసుకలోంచి సాయంత్రం దాకా కదల్చకండి" అని చెప్పి వెళ్లింది. గ్రాడుస్ కదల్చలేదు, బూట్లు విప్పి కాలిన కాళ్లు ఇసుకలో పెట్టుకుని తానూ కదల్లేదు.

నాలుగింటికి ఇవెట్ సైకిలు తోసుకుంటూ పెరట్లోకి వచ్చింది. కంచెకి కంత, పెరటికి గుంట, పలకలు కుప్పగా. గుంటలో నాలుగు కాళ్లకీ కట్లతో తన కుక్క, పక్కన ఉత్తికాళ్లతో ముసలాయన. సైకిలు చేతిలోంచి జారి కింద పడింది.

"ఏం చేశారు మోస్‌ని? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని నా పెరట్లోకి?"

"ఎవరూ రమ్మనలేదు. అరుద్దువుగాని, ముందు ఆ బూట్లు విప్పు" అన్నాడు గ్రాడుస్.

"ఏంటీ?"

"బూట్లు విప్పి, అదిగో, ఎండ ఇంకా పోని ఆ మూల మీద నిలబడు. నాలుగు దాకా లెక్కపెట్టు. తర్వాత నన్నేమన్నా పడతా."

ఆ గొంతులో ఏముందో గానీ ఇవెట్ విప్పింది, నిలబడింది. రెండు దగ్గరే పక్కకి దూకింది. వెనక్కి తిరిగి చూసేటప్పటికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వచ్చి ఇసుకలో మోస్ పక్కన కూలబడి, దాని మెడలో మొహం దాచుకుంది.

"నేనెప్పుడూ మధ్యాహ్నం ఇంట్లో లేను. నాకు తెలీదు. నిజంగా తెలీదు."

"నాకూ తెలీదమ్మా" అన్నాడు గ్రాడుస్.

కాసేపటికి ఇవెట్ కళ్లు తుడుచుకుని పలకల కుప్ప వంక చూసింది. "ఏ దరిద్రుడు పరిచాడండీ వీటిని, ఒక్క మొక్కకి కూడా చోటు లేకుండా?"

డీనీ కంచె అవతల నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

"నేనే" అన్నాడు గ్రాడుస్. "నీదే కాదు, వీధి మొత్తం."

ఇవెట్ అతని కాళ్ల వంక చూసింది. అతని అరికాళ్ల మీది బొబ్బలు అప్పుడే కనిపించాయి. లేచి, డాక్టరమ్మ వదిలివెళ్లిన మోస్ మందే అందుకుని అతని ముందు పెట్టింది.

"ఆ గ్లాసు సంగతి చెప్పండి. ఎవరెవర్ని పిలవాలి? ఏం పొయ్యాలి?"

"మామూలుగా సాయంత్రం పిలుస్తారు. నువ్వు శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి పిలువు. చెప్పులు, బూట్లు గుమ్మంలోనే విడిచి రావాలని చెప్పు. ఇది రోటర్‌డామ్ పద్ధతని చెప్పు, నమ్ముతారు."

శనివారం ఎండ ఏమీ తగ్గలేదు. పది ఇళ్లవాళ్లూ వచ్చారు, ఇవెట్ చెప్పినట్టే బూట్లు విడిచారు. పెరట్లోకి నాలుగడుగులు వేశారో లేదో, మర్యాదస్తులంతా కెవ్వుమని ఒకళ్లమీద ఒకళ్లు పడుతూ ఇసుక గుంటలోకి దూకారు. మోస్ తన చోటు పోయిందని తల ఎత్తి అందరినీ చూసింది. అందరికంటే ముందు దూకింది ట్రూస్, అందరికంటే గట్టిగా అరిచిందీ ట్రూసే.

"ఎవడ్రా వీటిని పరిచింది!" అని అరిచి, గ్రాడుస్ మొహం చూసి నాలుక కరుచుకుంది.

గ్రాడుస్ గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు. పొరుగు అయిపోయింది. తర్వాత మోకాళ్లూని గడ్డపార అందుకున్నాడు. మగవాళ్లు వరసగా నిలబడి పలకలు చేతులు మార్చారు, ఆడవాళ్లు బండికెత్తారు. సాయంత్రానికి ఇవెట్ పెరడు సగం ఇసుకైంది. తోట ఉన్న చెల్లెలు ఇచ్చిందని ట్రూస్ ఒక బేరి మొక్క తెచ్చింది. ఎండలు తగ్గేదాకా దాన్ని కుండీలోనే ఉంచమని ఆరుగురు ఆరు రకాలుగా చెప్పారు.

ఇంటికొస్తూ డీనీ తమ పెరటి గుమ్మం దగ్గర ఆగింది. నున్నగా, ఒక్క పరక లేకుండా, ఇరవై తొమ్మిదేళ్లుగా మెరుస్తున్న పెరడు. ఆ వీధిలో గ్రాడుస్ పరిచిన పెరళ్లన్నిట్లోకీ మొదటిది అదే, అతనికి ముద్దు కూడా అదే.

"మరి మనదో?" అంది మెల్లిగా.

గ్రాడుస్ చెక్కబూట్లు విప్పి గుమ్మం పక్కన పెట్టాడు.

"సోమవారం" అన్నాడు.